సంతకం చూసే ముందు వెనకవైపు చూడండి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పాత క్రీడా వస్తువుల సేకరణ మీద వేసిన వ్యాసం చదివాం. అమెరికా క్రీడాకారిణి బేబ్ డిడ్రిక్సన్ జహారియాస్ బొమ్మ ఉన్న కార్డులకు, ఆమె సంతకం చేసిన ఫొటోలకు ఎంత గిరాకీ ఉందో వివరంగా రాశారు. సంతోషమే. కానీ చేతికొచ్చినది అసలుదా నకలా అని ఎలా తేల్చుకోవాలో ఒక్క ముక్క కూడా లేదు. పైగా చివర్లో, భద్రంగా ఉండాలంటే లామినేషన్ చేయించమని సలహా ఇచ్చారు. ఆ సలహా పాటించి ఎవరు ఏం పాడుచేసుకుంటారో అన్న భయంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఆ లామినేషన్ సంగతి. కాగితాన్ని రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి, నూరు డిగ్రీలు దాటిన వేడితో నొక్కుతారు. పొరల లోపలి జిగురు కరిగి కాగితం పీచులోకి దిగిపోతుంది. తర్వాత తీయాలని చూస్తే పొరతో పాటు రంగూ పీచూ కూడా ఊడివస్తాయి. ఫొటో అయితే మరీ ప్రమాదం. పాత నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ నిలిచి ఉండేది జెలటిన్ పొరలో. వేడికి అది మెత్తబడి మెరుపు మారిపోతుంది, ఒక్కోచోట పొక్కులు లేస్తాయి. తొంభై ఏళ్లు నిలిచిన వస్తువు సేకరణకారుల లెక్కలో ఆ పూటతో చెడిపోయినట్టే. ఇప్పటికే చేయించి ఉంటే మాత్రం పీకే ప్రయత్నం చేయకండి. అలా వదిలేస్తే కనీసం బొమ్మైనా మిగులుతుంది.

ఇక అసలు, నకలు విషయం. చాలామంది సంతకం వంపులు చూస్తూ కూర్చుంటారు. దానికన్నా ముందు చూడాల్సినవి తేదీలు. బేబ్ 1911 జూన్ 26న టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. 1932 జూలై 16న ఇలినాయ్ రాష్ట్రంలోని ఇవాన్‌స్టన్‌లో జరిగిన జాతీయ మహిళల అథ్లెటిక్స్ పోటీల్లో, తను పనిచేసే ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ బీమా కంపెనీ తరఫున ఒక్కతే జట్టుగా దిగి 30 పాయింట్లతో జట్టు టైటిల్ గెలిచింది. రెండో స్థానంలో నిలిచిన జట్టులో 22 మంది ఉండి కూడా తెచ్చుకున్నది 22 పాయింట్లే. రెండు వారాల తర్వాత లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జావెలిన్‌లో 43.68 మీటర్లతో స్వర్ణం, 80 మీటర్ల హర్డిల్స్‌లో 11.7 సెకన్లతో మరో స్వర్ణం సాధించింది. హైజంప్‌లో జీన్ షైలీతో సమానంగా ఎగిరినా, ఎగిరిన తీరు మీద న్యాయనిర్ణేతలు అభ్యంతరం చెప్పడంతో రజతమే దక్కింది. తర్వాత గోల్ఫ్‌కి మారి 1948, 1950, 1954లో యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచింది. మూడోసారి గెలిచింది క్యాన్సర్ ఆపరేషన్ అయిన మరుసటి ఏడాదే. 1956 సెప్టెంబర్ 27న కన్నుమూసింది.

వీటన్నిటికన్నా పనికొచ్చే తేదీ ఆమె పెళ్లిది. మల్లయోధుడు జార్జ్ జహారియాస్‌తో ఆమె వివాహం 1938 డిసెంబర్ 23న జరిగింది. జహారియాస్ అన్న పేరు కలిసిన సంతకం ఏదైనా ఆ తర్వాతదే. 1932 నాటి హర్డిల్స్ ఫొటో మీద 'బేబ్ డిడ్రిక్సన్ జహారియాస్' అని ఉంటే వెంటనే నకిలీ అనేయనక్కర్లేదు. పాత ఫొటోను తర్వాతెప్పుడో ఎవరో పట్టుకెళ్లి సంతకం పెట్టించుకుని ఉండొచ్చు. కానీ అమ్మే మనిషి 'ఒలింపిక్ మైదానంలోనే పెట్టిన సంతకం' అన్నాడంటే బేరం అక్కడితో ఆపేయాలి. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. 1950ల నాటి గోల్ఫ్ ఫొటో మీద జహారియాస్ లేకుండా ఒట్టి డిడ్రిక్సన్ కనబడితే, మిగతా అన్నీ సరిపోయినా ఇంకో నిపుణుడికి చూపించాకే డబ్బు తీయాలి.

సిరా దగ్గర కూడా ఇదే లెక్క. బాల్‌పెన్ను అమెరికా దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబర్ చివర్లో. కాబట్టి 1932 తేదీ వేసిన బాల్‌పెన్ను సంతకం ఆ ఏడాదిది కాదు. నిబ్బు పెన్ను గీతకూ దీనికీ తేడా పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంలో తెలుస్తుంది. నిబ్బు పెన్ను గీత ఒత్తిడిని బట్టి లావవుతూ సన్నబడుతూ ఉంటుంది, అంచుల్లో సిరా కాగితంలోకి కొద్దిగా పాకుతుంది. బాల్‌పెన్ను కాగితాన్ని నొక్కి గాడి చేస్తుంది. సిరా చిక్కగా జిడ్డుగా కనిపిస్తుంది, మలుపుల దగ్గర చిన్న ముద్ద కడుతుంది. ఇక షార్పీ మార్కర్ వచ్చింది 1964లో, అంటే ఆమె పోయిన ఎనిమిదేళ్లకు. షార్పీతో పెట్టిన బేబ్ సంతకం ఎదురైతే దాని అందచందాలు పరిశీలించే పని కూడా లేదు.

పాత పుస్తకాల్లోని ఖాళీ పేజీలు చింపి, వాటి మీద సంతకం గిలికి, ఆటోగ్రాఫ్ పుస్తకంలోని పేజీ అని అమ్మడం ఈ రంగంలో పాత ఎత్తు. కాగితం పాతదే కనుక కాగితం పరీక్షలన్నీ నెగ్గుతుంది. పట్టిచ్చేది సిరాయే. కాగితం సిరాను పీల్చేయకుండా తయారీలో ఒక పూత వేస్తారు. దశాబ్దాలు గడిచేసరికి ఆ పూత బలహీనపడుతుంది. అప్పుడు కొత్తగా రాస్తే సిరా సన్నటి పోగులుగా నలువైపులా పాకుతుంది. మడతలు కూడా సాక్ష్యమే. సంతకం పెట్టాక కాగితం మడతపడితే, విరిగిన చోట సిరా కూడా పొట్టుగా రాలి తెల్లగా కనిపిస్తుంది. మడత పడ్డాక సంతకం పెడితే సిరా ఆ చీలికలోకి దిగి, అక్కడ ముదురు గీతలా తేలుతుంది. వేల సంతకాలు పెట్టిన మనిషి చెయ్యి ఆగదు. చూసి దించే చెయ్యి వణుకుతుంది, అక్షరం మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది, చివరి గీత తేలిగ్గా జారిపోకుండా మొద్దుగా ఆగిపోతుంది.

కార్డు గురించి మీ వ్యాసం ఎక్కువ రాసింది కాబట్టి మేమూ దాని దగ్గర కొంచెం ఆగుతాం. బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ 1933లో చూయింగ్ గమ్‌తో పాటు ఇవ్వడానికి 'స్పోర్ట్ కింగ్స్' అనే 48 కార్డుల వరస మొదలుపెట్టింది. అందులో 45వ కార్డు బేబ్‌ది. పేరు కింగ్స్ అయినా, 1932లో ఈతలో మూడు స్వర్ణాలు గెలిచిన హెలీన్ మాడిసన్‌కి కూడా ఆ వరసలో 37వ కార్డు దక్కింది. బేబ్ కార్డు మీద ఇంటిపేరు తప్పుగా అచ్చయింది. ఇంగ్లిషు అక్షరాల్లో 'కె'కి ముందు ఒక 'సి' ఎక్కువ పడింది. ఆ తప్పు అసలు కార్డుదే. అది చూసి నకిలీ అనుకుని అసలుదాన్ని వదులుకోకండి. సరైన స్పెల్లింగు ఉంటేనే నిజానికి అనుమానించాలి.

కార్డు కొలత 2⅜ × 2⅞ అంగుళాలు, అంటే దాదాపు 60 × 73 మిల్లీమీటర్లు. ఈ కాలపు కార్డులు 2½ × 3½ అంగుళాలు ఉంటాయి. ఆ కొలతలో దొరికిన బేబ్ కార్డు కొత్తగా అచ్చు వేసినదే. అప్పటి కోతల్లో కొద్దిపాటి తేడా సహజం కాబట్టి రవ్వంత చిన్నదైతే కంగారు అక్కర్లేదు. కానీ ఒక అంచు మాత్రమే తెల్లగా, పదునుగా ఉండి మిగతా మూడూ ముదిరిపోయి ఉంటే, నలిగిన అంచును ఎవరో కత్తిరించారన్నమాట. కొలిచేటప్పుడు కాలిపర్ దవడలు అంచును నొక్కకూడదు. మిల్లీమీటర్ల గళ్ల కాగితం మీద పెట్టి చూస్తే చాలు.

తర్వాత అచ్చు. భూతద్దం కింద పేరు అక్షరాలు, నల్ల గీతలు చూడండి. అసలు కార్డులో అక్షరం ఒకే సిరాతో నిండుగా, అంచులు స్పష్టంగా ఉంటుంది. నకలు కార్డును అసలు కార్డు ఫొటో తీసి అచ్చు వేస్తారు కాబట్టి అక్షరాలు కూడా రంగు చుక్కలుగా విడిపోతాయి: నీలం, గులాబి, పసుపు, నలుపు. ఇంట్లోని ప్రింటర్‌తో తీసినదైతే చుక్కలకు ఒక వరస కూడా ఉండదు, చల్లినట్టు ఉంటాయి. నకలు అని నిజాయితీగా అచ్చు వేసి అమ్మిన కార్డులు కూడా చాలా ఉన్నాయి. వాటి వెనక ఆ మాట అచ్చయిన చోటును గీకి అమ్మడమే మోసం. అందుకని వెనకవైపు ఎక్కడైనా కాగితం పలచబడి, వెలుతురుకు పెడితే ఎక్కువ కాంతి వస్తోందా అని చూడాలి.

365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చితో చీకటిగదిలో చూడటం ఇంకో పరీక్ష. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు వాడుకలోకి వచ్చింది 1940ల చివర్లో. 1933 అట్ట ఆ వెలుతురులో మొద్దుగా కనిపిస్తుంది. కొత్త అట్ట నీలి తెలుపు కాంతితో వెలుగుతుంది. కార్డును ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూడాలి, ఎందుకంటే కొన్ని ప్లాస్టిక్‌లు కూడా వెలుగుతాయి. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. వెలిగితే అనుమానం ఖాయం, వెలగకపోతే అసలుదని ఖాయం కాదు. ఆ రసాయనాలు లేని కాగితం ఇప్పటికీ దొరుకుతుంది. వెలిసిపోయిన రంగును పెన్సిల్‌తో, మార్కర్‌తో నింపిన చోట్లు కూడా ఈ వెలుతురులో వేరే ఛాయలో బయటపడతాయి.

టీ డికాషన్‌లో ముంచి పాతదనం తెప్పించిన కార్డులో రంగు అంతటా సమానంగా ఉంటుంది. నిజంగా వయసొచ్చిన కార్డు అంచుల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ ముదురుతుంది. గరుకు కాగితంతో రుద్దిన మూలలు నాలుగూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి, పైభాగం మాత్రం గీత లేకుండా నిగనిగలాడుతుంది. వాడకంలో అరిగిన మూలలో అట్ట పొరలు మెత్తగా విచ్చుకుంటాయి, నాలుగు మూలలూ నాలుగు రకాలుగా అరుగుతాయి.

పీఎస్ఏ, ఎస్‌జీసీ లాంటి సంస్థలు కార్డును పరీక్షించి ఒకటి నుంచి పది దాకా గ్రేడు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. ఆ పెట్టె చూసి కళ్లు మూసుకుని కొనడం కూడా మంచిది కాదు. పెట్టెలకూ నకిలీలు వచ్చాయి. పెట్టె మీది నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలోని కార్డు మచ్చలూ అంచు కోతా దానితో సరిపోతున్నాయో లేదో పోల్చండి. నంబరు సరిపోవడం ఒక్కటే చాలదు, నిజమైన నంబరునే నకిలీ పెట్టె మీద అచ్చు వేస్తారు.

ఫొటోల దగ్గర మాకు తెలిసిన గట్టి సలహా శీర్షికలోనే ఉంది: తిప్పి వెనక చూడండి. పత్రికల కోసం తీసిన ఫొటోల వెనక ఏజెన్సీ రబ్బరు ముద్ర, అంటించిన వివరాల చీటీ, పత్రిక లైబ్రరీ వేసిన తేదీ ఉంటాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వైరు మీద ఫొటోలు పంపే వైర్‌ఫొటో సేవ మొదలైంది 1935 జనవరి 1న. ఆ ముద్ర ఉన్న ప్రింటు 1932 ఒలింపిక్స్ రోజున వేసినది కాలేదు. ఆక్మే న్యూస్‌పిక్చర్స్ అనే ఫొటో ఏజెన్సీని యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1952లో కలుపుకుంది, కాబట్టి ఆక్మే ముద్ర ఉంటే అంతకు ముందుదని ఊహించొచ్చు. యూపీఐ, అంటే యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ వార్తాసంస్థ ముద్ర అయితే ఆ సంస్థ పుట్టిందే 1958 మే 24న, అప్పటికి బేబ్ లేదు. ముద్రలో చిరునామా ఉంటే ఇంకా మేలు. ఊరి పేరు తర్వాత ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే 1963 జూలై తర్వాతది. ఒకటి రెండంకెల పోస్టల్ జోన్ ఉంటే 1943 తర్వాతది. అయితే పాత ప్రింటు మీదే తర్వాతి కాలంలో ఎవరైనా కొత్త ముద్ర వేసే వీలుంది. అందుకే వెనకవైపున్న ముద్రలన్నిటినీ కలిపి చదవాలి, ఒక్కదాని మీద తీర్పు చెప్పకూడదు.

వేలం జాబితాల్లో ఫొటోలను నాలుగు రకాలుగా చూపిస్తారు. అసలు నెగటివ్ నుంచి, తీసిన రెండేళ్ల లోపు వేసిన ప్రింటు మొదటి రకం. అదే నెగటివ్ నుంచి తర్వాతెప్పుడో వేస్తే రెండో రకం. నకలు నెగటివ్ నుంచి గానీ వైరు మీద వచ్చిన బొమ్మ నుంచి గానీ ఆ రెండేళ్లలోపే వేస్తే మూడోది, తర్వాత వేస్తే నాలుగోది. వైరు మీద వచ్చిన బొమ్మలో సన్నని సమాంతర గీతలు కనిపిస్తాయి, వివరాలు కూడా బొమ్మలో భాగంగానే అచ్చయి ఉంటాయి. ఇవన్నీ అసలైనవే, ధరలో మాత్రం చాలా తేడా. మీ వ్యాసంలో ఈ తేడా ప్రస్తావన లేకపోవడం పెద్ద లోటు.

ఫొటోను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, నీలి వెండి మెరుపు కనిపించడం పాతదనానికి మంచి గుర్తు. జెలటిన్‌లోని వెండి గాలికి మార్పు చెంది పైకి తేలడం వల్ల వస్తుంది. దాన్ని మురికి అనుకుని తుడవకండి. అలాగే పత్రిక ఎడిటర్లు బొమ్మ కత్తిరింపు కోసం మైనపు పెన్సిల్‌తో గీసిన గీతలు, నేపథ్యం మరుగుపరచడానికి పూసిన తెల్ల రంగు కూడా ఆ ఫొటో చరిత్రే. ముట్టుకుంటే ప్లాస్టిక్‌లా అనిపించే కాగితం అయితే అది 1960ల చివరి తర్వాతి తరం కాగితం.

మిగతావి క్లుప్తంగా. ఒలింపిక్ టికెట్ ముక్కలు 'బేబ్ స్వర్ణం గెలిచిన రోజువి' అంటూ అమ్ముతారు. జావెలిన్ 1932 జూలై 31న, హర్డిల్స్ ఫైనల్ ఆగస్టు 4న, హైజంప్ ఆగస్టు 7న జరిగాయి. వేదిక లాస్ ఏంజెలిస్ కొలీజియం. హైజంప్‌లో దక్కింది రజతమే కాబట్టి, టికెట్ మీది తేదీ మొదటి రెండింట్లో ఒకదానితో కలవాలి, వేదిక కూడా సరిపోవాలి. ఆమె పేరు చెక్కిన గోల్ఫ్ క్లబ్బులు విల్సన్ కంపెనీ తయారుచేసి దుకాణాల్లో అందరికీ అమ్మినవి. వాటి మీది సంతకం ఫ్యాక్టరీ అచ్చు, ఆమె వాడిన క్లబ్బులని ఎవరైనా అంటే రుజువు అడగండి. అమెరికా తపాలా శాఖ ఆమె బొమ్మతో 18 సెంట్ల బిళ్ల విడుదల చేసింది 1981లో. దాని మొదటిరోజు కవరు మీద ఆమె స్వహస్త సంతకం ఉందంటే నవ్వి ఊరుకోవడమే.

పాత కాలపు ప్రచురణల్లో ఆమె వయసు రెండు మూడేళ్లు తక్కువగా కనిపిస్తే అది కూడా నకిలీకి గుర్తు కాదు. తన వయసు తగ్గించి చెప్పడం ఆమెకు అలవాటు.

దాచే పద్ధతి విషయానికొస్తే, మీ పాఠకుల దగ్గర ఎక్కువగా ఉండేవి కార్డులు కావు, పత్రికల కటింగులు. న్యూస్‌ప్రింట్‌ను చెక్క గుజ్జుతో చేస్తారు, అందులోని లిగ్నిన్ వెలుతురుకూ గాలికీ ఆమ్లంగా మారి కాగితాన్ని పసుపుపచ్చగా, పెళుసుగా చేస్తుంది. ఆ ఆమ్లం పక్కనున్న కాగితానికీ పాకుతుంది. ఫొటోను కటింగుతో కలిపి ఒకే కవరులో పెడితే కొన్నేళ్లకు ఫొటో మీద కటింగు ఆకారంలో గోధుమరంగు మచ్చ తేలుతుంది. కటింగుకు క్షారం కలిపిన ఆమ్లరహిత కాగితం కవరు వాడాలి. ఫొటోకు క్షారం కలపని ఆమ్లరహిత కాగితం మేలు. పైకి కనబడాలంటే పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవరు వాడండి. పీవీసీ వద్దు. అందులోని మెత్తదనం కోసం కలిపే పదార్థం బయటికి కారి బొమ్మకు జిడ్డుగా అంటుకుంటుంది. పీవీసీని వాసనను బట్టి పోల్చవచ్చు, కొత్త వర్షపు కోటు వాసన వస్తుంది. పేజీకి జిగురు పూసి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బంలు, సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, ఇనుప క్లిప్పు కూడా దూరం పెట్టాలి. సెల్లోటేపు జిగురు పసుపు నూనెగా మారి కాగితం అవతలి వైపుకు దిగుతుంది. ఆ మరక పోదు.

గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడాలి. 65 దాటి కొంతకాలం ఉంటే బూజు పడుతుంది. చిన్న తేమ మీటరు ఒకటి పెట్టెలో పెట్టి, సిలికా జెల్ సంచులు రంగు మారినప్పుడల్లా ఆరబెట్టండి. తేమ రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉండటం స్థిరంగా కాస్త ఎక్కువ ఉండటం కన్నా చెడ్డది, జెలటిన్ పొర సాగి ముడుచుకుని చివరికి చిట్లుతుంది. గోడకు తగిలించాలనుకుంటే అసలుది పెట్టెలో దాచి నకలు తగిలించండి. అసలుదే కావాలంటే అద్దానికీ బొమ్మకూ మధ్య మందపాటి అట్ట చట్రంతో ఖాళీ వదలాలి. అద్దానికి ఆనితే చెమ్మలో జెలటిన్ దానికి అతుక్కుపోతుంది. నిబ్బు పెన్ను సిరా ఎండకు ఎంత త్వరగా పాలిపోతుందంటే, కిటికీ ఎదుటి గోడ మీద సంతకం కొన్నేళ్లలో చదవలేనంతగా వెలవెలబోతుంది.

చివరిగా మీకొక విన్నపం. ఇలాంటి వస్తువు బొమ్మ ఇకముందు వేసినప్పుడు ముందువైపుతో పాటు వెనకవైపు కూడా వేయండి. పక్కన కొలబద్ద ఉంచి ఫొటో తీయించండి. ధర రాస్తే ఏ గ్రేడుకు, ఏ ఏడాది అమ్మకంలో అన్నది కూడా రాయండి. లామినేషన్ సలహాకు సవరణ మాత్రం వచ్చే ఆదివారమే, ఆ వ్యాసం వేసిన పేజీలోనే వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
పాత కాగితాలు, ఫొటోల సంరక్షణ పనిలో ఉన్న కొందరు పాఠకులు